పచ్చ లైటు వెలిగే బ్యాటరీ

ప్రశ్న అడిగినవాడికి ముందు ఏదో ఒక పని పురమాయించడం చిదంబరయ్యగారి అలవాటు. ఆత్మ ఉందా లేదా అని వాదానికి వచ్చినవాడి చేత బిందెలు తోమించారనీ, చావు తర్వాత ఏమిటని అడిగినావిడను కందిపప్పులో రాళ్లు ఏరమని కూర్చోబెట్టారనీ శిష్యులు చెప్పుకునేవారు. పని అయ్యాక కొందరు ఆ ప్రశ్న మళ్లీ అడిగేవారు, కొందరు అడిగేవారు కాదు. అడిగినా అడక్కపోయినా ఆయన ముఖంలో తేడా కనిపించేది కాదు. ఆయన్ని అందరూ అయ్యవారు అనే పిలిచేవారు.

అయ్యవారికి మఠం లేదు. ఎవరో భక్తుడు ఒక పాత మినీబస్సులో సీట్లు తీయించి, పడకలూ, గ్యాస్ పొయ్యీ, ఒక చిన్న ఫ్రిజ్జూ పెట్టించి ఇచ్చాడు. ఆ బండిలోనే ఊరూరా తిరిగేవారు. పిలిచినచోట కొన్నాళ్లు ఆగి, సాయంత్రాలు నాలుగు మాటలు చెప్పి, మళ్లీ కదిలేవారు. వెంట ఉండేది ముగ్గురు. బండి తోలే మస్తాన్, వంట చూసుకునే సుభద్రమ్మగారు, మిగిలిన పనులన్నీ చూసుకునే పినాకపాణి. సుభద్రమ్మగారు ఒకప్పుడు బళ్లో సంగీతం చెప్పిన మనిషి. ఆవిడకు చక్కెర జబ్బు. పూటపూటా ఇన్సులిన్ సూది పడాలి. ఫ్రిజ్ ఆ బండిలోకి వచ్చింది ఆ మందు కోసమే. పెరుగూ కూరగాయలూ తర్వాత వచ్చి చేరాయి.

పినాకపాణికి నంద్యాలలో మోటారు వైండింగ్ షాపు ఉండేది. చేతికి మంచి పేరు, నోటికి చెడ్డ పేరు. కాలిన మోటారు తెచ్చిన రైతు మీద మొదలైన కేక, తీగ తప్పుగా చుట్టిన పనివాడి మీదుగా ఇంటిదాకా వచ్చేది. ఒక మధ్యాహ్నం అన్నం దగ్గర పెరుగుగిన్నె విసిరాడు. అది గోడకు తగలాల్సిందని ఆ తర్వాత చాలాకాలం తనకు తాను చెప్పుకున్నాడు. తగిలింది మాత్రం భార్య సువర్చల కనుబొమకు. ఆమె కుట్లు వేయించుకుని వచ్చి ఏడవలేదు, తిట్టలేదు. అతని బట్టలు ఒక సంచిలో సర్ది గుమ్మం బయట పెట్టి తలుపు వేసుకుంది. కొన్నాళ్లు షాపులోనే పడుకున్నాడు. తర్వాత షాపు మూసేసి అయ్యవారి బండి ఎక్కాడు. అది జరిగి ఏళ్లయింది.

ఆ ఏళ్లలో అతను ఎవరి మీదా గొంతెత్తింది లేదు. తెల్లవారకముందే లేచి స్నానం చేసి కళ్లు మూసుకుని కూర్చునేవాడు. కూర్చోవడం బాగా అలవాటైంది. బండిలో ఒకరినొకరు నొప్పించుకునే మనుషులు లేరు. సాయంత్రం సభకు వచ్చేవాళ్లు చేతులు కట్టుకుని వచ్చేవాళ్లు. కోపం అనే మాట అయ్యవారి ప్రసంగంలో వచ్చినప్పుడు, ఎవరో చుట్టం గురించి విన్నట్టు వినేవాడు. తనలో అది లేదని అతను నమ్మాడు. నమ్మకుండా ఉండడానికి కారణమూ ఏదీ కనిపించలేదు.

ఆ ఎండాకాలం ఆత్మకూరు సత్రంలో ఉండగా బావమరిది వెతుక్కుంటూ వచ్చాడు. మంచినీళ్లు తాగి, అటూ ఇటూ చూసి, వచ్చిన మాట చెప్పాడు. "అక్క చెప్పమంది బావా. రావాలనుంటే రావచ్చంట. కానీ ఆ పాత మనిషిని మాత్రం వెంట తీసుకురావద్దంది." పినాకపాణి వారం పదిరోజుల్లో ఫోన్ చేస్తానన్నాడు. ఆ రాత్రీ, ఆ మర్నాడూ అతనికి ధ్యానం కుదరలేదు.

సత్రం నుంచి బండి నల్లమల వైపు కదిలింది. దోర్నాల దారిలో అడవి మొదలయ్యేచోట ఒక చెంచుగూడెం వాళ్లు ఆపి ఉండమంటే అయ్యవారు ఉన్నారు. రోడ్డు పక్కన ఇప్పచెట్ల వారగా బండి నిలిపారు. అక్కడ కరెంటు స్తంభం లేదు, ఫోన్ సిగ్నలూ లేదు. రెండో రోజు పొద్దున, కాఫీలయ్యాక, పినాకపాణి అయ్యవారి ఎదుట వచ్చి కూర్చున్నాడు.

"అయ్యవారూ, ఇన్నేళ్లుగా నన్ను చూస్తూనే ఉన్నారు. నా కోపం పోయిందా లేదా, మీరు చెప్పండి. పోయిందని మీరంటే ఇంటికి వెళతాను."

అయ్యవారు గ్లాసు కింద పెట్టారు. "సుభద్రమ్మగారి మందు వెచ్చబడుతోందట. ముందు ఆ ఫ్రిజ్ సంగతేమిటో చూడు," అన్నారు.

పినాకపాణి నొచ్చుకోలేదు. అయ్యవారి పద్ధతి తెలిసినవాడే. పని చెప్పారంటే జవాబు ఎంతో దూరంలో లేదన్నమాట అనుకుని లేచాడు.

ఫ్రిజ్ తలుపు తీస్తే లోపల చల్లదనం లేదు. మోటారు ఒకసారి గుర్రుమని మొదలై, మనిషి ఊపిరి పీల్చి వదిలేంతలో ఆగిపోయేది. కాసేపటికి మళ్లీ అదే. సుభద్రమ్మగారు అప్పటికే మందు సీసాలను తడిబట్టలో చుట్టి, మట్టికుండలో ఇసుక పోసి అందులో దాచారు. పొద్దున్నే వీస్తున్న గాలి కూడా పొయ్యి మీద నుంచి వచ్చినట్టుంది. ఈ కుండ మధ్యాహ్నం దాకా కాపాడుతుందో లేదో ఆవిడకే నమ్మకం లేదు.

"కంగారు పడకండి అమ్మా, ఎండ ముదిరేలోపు చూసేస్తాను," అన్నాడు పినాకపాణి.

ఆ బండిలో బ్యాటరీలు రెండు. ఇంజను తిప్పడానికి ఒకటి. లోపలి లైట్లకీ, ఫ్యానుకీ, ఫ్రిజ్‌కీ ఇంకొకటి. ఆ రెండోదానికి బండి నడిచేటప్పుడు ఇంజను నుంచి కరెంటు అందుతుంది, నిలిచి ఉన్నప్పుడు పైకప్పు మీది సోలారు పలక నుంచి అందుతుంది. ఈ ఏర్పాటంతా పినాకపాణి చేతిమీద జరిగిందే. పడక కింద చెక్క తీసి, మీటరు పుల్లలు బ్యాటరీకి ఆనించి చూశాడు. నిండుగా ఉంది. పక్కన గోడకున్న సోలారు పెట్టె మీద కూడా, బ్యాటరీ నిండిందని చెప్పే పచ్చ లైటు వెలుగుతోంది. బ్యాటరీ బాగుంది కాబట్టి తప్పు మరెక్కడో ఉందనుకున్నాడు.

ఫ్రిజ్ స్విచ్ ఆపి, ఫ్యూజు తీసి చూశాడు, బాగుంది. కొసల మీద తెల్లగా పేరుకున్న చిలుము గీకాడు. తీగలు పట్టి లాగి చూశాడు, ఏదీ ఊడిరాలేదు. మస్తాన్‌ని ఇంజను స్టార్ట్ చేయమన్నాడు. ఇంజను నుంచి రావలసిన కరెంటు వస్తోంది. పైకెక్కి సోలారు పలక తుడిచాడు. దాని మీద వేలి మందం దుమ్ము ఉంది. వారానికోసారి తుడవమని మస్తాన్‌కి చెప్పి ఉన్నాడు. వెనకటి పినాకపాణి అయితే అక్కడి నుంచే కేక పెట్టేవాడు. ఇప్పుడు పెట్టలేదు. పెట్టలేదన్న సంగతి తానే గమనించుకున్నాడు. దిగి వస్తూ, చెట్టు కింద చింతపండు ఈనెలు తీస్తున్న అయ్యవారి వైపు ఒకసారి చూశాడు. ఆయన తలెత్తలేదు.

చివరికి చేతులు తుడుచుకుని తేల్చేశాడు. "ఫ్రిజ్ మోటారే పోయినట్టుందమ్మా. ఊడదీసి టౌనుకు పంపాలి."

సుభద్రమ్మగారు కుండ మీద ఇంకొన్ని నీళ్లు చల్లుతూ, "సత్రంలో గోడకు తగిలిస్తే చల్లగానే ఉంది కదా నాయనా. దారిలో కూడా బాగానే ఉంది. ఇక్కడ ఆగాకే ఇట్లా అయింది," అన్నారు.

పినాకపాణి నిలబడిపోయాడు. ఊడదీయడానికి పట్టుకున్న మర అలాగే వదిలేసి మళ్లీ పడక కింద కూర్చున్నాడు. ఇంజను ఆపించి, మీటరు పుల్లలు బ్యాటరీకి ఆనించి పట్టుకుని, "మస్తానూ, ఇప్పుడు ఫ్రిజ్ ఆన్ చెయ్యి," అన్నాడు. మోటారు గుర్రుమంది. మీటరులో అంకెలు మెట్లు జారినట్టు జారిపోయాయి. మోటారు ఆగింది. అంకెలు మెల్లగా పైకి వచ్చి, ఏమీ ఎరగనట్టు మొదట ఉన్నచోటే నిలబడ్డాయి. మళ్లీ చేయమన్నాడు. మళ్లీ అంతే.

"బ్యాటరీ పోయింది," అన్నాడు, సంతోషంగా. తప్పు దొరికినప్పటి సంతోషం అది. షాపు మూశాక మళ్లీ అతనికి అంత బాగా ఎప్పుడూ అనిపించలేదు.

"అదేమిటి, నిండుగా ఉందన్నావు?" అన్నారు సుభద్రమ్మగారు.

"ఊరకే ఉన్నప్పుడు నిండుగానే కనిపిస్తుందమ్మా. బరువు పడేసరికి కూలబడుతోంది. అట్లా కూలబడ్డప్పుడు ఫ్రిజ్ తనంతట తాను ఆగిపోతుంది. గోడ కరెంటు ఉన్నప్పుడో, ఇంజను తిరిగేటప్పుడో బరువు అవి మోశాయి, అందుకే ఇన్నాళ్లూ బయటపడలేదు."

"మరి ఆ పచ్చ లైటు?"

"లోపల పట్టే చోటు తగ్గిపోయింది. చిన్న చెంబు తొందరగా నిండుతుంది కదా, అట్లా నిండిపోతోంది. నిండిందని లైటు చెప్పేది అబద్ధం కాదు. ఎంతలో నిండిందో అది చెప్పదు."

చేయవలసిందేమిటో ఇక తేలిపోయింది. ఇంజను ఆపకుండా దోర్నాలదాకా వెళితే దారంతా ఫ్రిజ్ నడుస్తుంది, అక్కడ కొత్త బ్యాటరీ వేయించవచ్చు. పాతదాన్ని బిగించి ఉన్న బోల్టులు ఇక్కడే వదులు చేసి ఉంచుకుందామని స్పానర్ తీసుకున్నాడు. తిప్పుతూ తిప్పుతూ, ఎవరిని అడుగుతున్నాడో తనకే తెలియనట్టు, "పోయిన దసరాకి వేసిన బ్యాటరీ. ఇంత త్వరగా ఎందుకు పోయిందో," అన్నాడు.

మస్తాన్ బండి మెట్టు మీద నిలబడి ఉన్నాడు. మనిషి పొడుగు, మాట తక్కువ. "నా వల్లే అయ్యుంటుందన్నా," అన్నాడు. "శివరాత్రికి శ్రీశైలం నడిచెళ్లేవాళ్లు మన బండి దగ్గర ఆగేవాళ్లు కదా. ఫోన్లకు చార్జింగ్ లేదంటే ఇచ్చాను. వండుకోవడానికి లైట్లు పెట్టుకుంటామంటే పెట్టుకోనిచ్చాను. పొద్దునకి బ్యాటరీ చచ్చిపడి ఉండేది. బండి తోలితే మళ్లీ నిండేది. అట్లా చాలాసార్లు జరిగింది."

"నాకెందుకు చెప్పలేదు?"

మస్తాన్ నేల చూశాడు. "చెబితే మీరు అరుస్తారని."

"నేనా? నేనెప్పుడు అరిచాను నీ మీద?"

అది అరుపే. అడవి అంచున ఆ పొద్దున మరే చప్పుడూ లేకపోవడంతో గూడెందాకా వినిపించి ఉంటుంది. చెట్ల మీది కాకులు లేచాయి. పినాకపాణి ఎప్పుడు లేచి నిలబడ్డాడో అతనికి తెలియదు. నోటి నుంచి ఒక మాట వచ్చింది. ఆ తర్వాత మస్తాన్ తల్లిని గురించిన మాట ఇంకొకటి వచ్చింది. "ఇన్నేళ్లలో ఒక్క రోజు చూపించు! ఒక్క రోజు!" అంటూ మెట్టు దాకా మీదికి వెళ్లాడు. మస్తాన్ వెనక్కి జరగలేదు. చేతులు కిందికే ఉంచి, అతని ముఖంలోకి కాకుండా అతని చేతి వైపు చూస్తున్నాడు. ఎందుకు అటు చూస్తున్నాడా అని పినాకపాణి కూడా చూశాడు. స్పానర్ తన తల కంటే ఎత్తులో ఉంది.

అప్పుడే వెనక ఒక చిన్న చప్పుడైంది. సుభద్రమ్మగారు కుండను రెండు చేతులా గుండెకు అదుముకుని, వంటగట్టు వెనక్కి వెళ్లారు. అంత పెద్దావిడ, నాయనా అనే పిలుపు తప్ప మరో పిలుపు తెలియనావిడ, గోడకు ఆనుకుని మొహం పక్కకు తిప్పుకున్నారు. దెబ్బ తగలకుండా కళ్లు కాపాడుకోవాలంటే మనిషి మొహం ఎటు తిప్పుకుంటుందో పినాకపాణికి తెలుసు. ఒకసారి చూసి ఉన్నాడు.

చెయ్యి దించాడు. స్పానర్ కింద పడేయలేదు, వంగి నేల మీద పెట్టాడు. రోడ్డు దాటి అవతలి కల్వర్టు దాకా నడిచి అక్కడ కూర్చున్నాడు. లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఏడుపు వస్తుందేమో అనుకున్నాడు, రాలేదు. సిగ్గు కూడా వెంటనే రాలేదు. ముందు వచ్చింది ఆశ్చర్యం. ఆ పాత మనిషి ఎక్కడికీ పోలేదు. పోయినట్టు కూడా నటించలేదు. ఎవరూ తలుపు తట్టలేదు కాబట్టి లోపల కూర్చుని ఉన్నాడు, అంతే. మస్తాన్‌కి ఆ సంగతి మొదటి నుంచీ తెలుసు. తెలిసే ఇన్నాళ్లూ పక్కన కూర్చుని అన్నం తిన్నాడు.

ఎండ కల్వర్టు మీదికి వచ్చాక లేచి వెనక్కి వచ్చాడు. మస్తాన్ ఇంజను స్టార్ట్ చేసి ఉంచాడు. ఫ్రిజ్ మోటారు ఆగకుండా తిరుగుతోంది. పినాకపాణి అతని కిటికీ దగ్గర నిలబడి, "మీ అమ్మగారిని అనకూడని మాట అన్నాను మస్తానూ," అన్నాడు.

"విన్నానన్నా."

"తప్పయింది."

మస్తాన్ స్టీరింగ్ మీద దుమ్ము తుడుస్తూ ఉండిపోయాడు. పర్లేదు అనలేదు. "మా నాయన ఎత్తితే దించేవాడు కాదన్నా," అన్నాడు. పినాకపాణి దానికి ఊరట పడలేదు. పడకూడదని అతనికి అనిపించింది. లోపలికి వెళ్లి సుభద్రమ్మగారి ముందు చేతులు జోడించాడు. ఆవిడ తల ఊపారు, కానీ దగ్గరికి రాలేదు.

అయ్యవారు గూడెం పెద్దకు చెప్పి వచ్చి తన చోట కూర్చున్నారు. బండి కదిలాక పినాకపాణి ఆయన కాళ్ల దగ్గర కింద కూర్చుని, "నా ప్రశ్నకు జవాబు దొరికింది అయ్యవారూ. రానని ఆమెకు చెప్పేస్తాను," అన్నాడు.

"నీ మీటరు చూపించింది నువ్వు చదివావు, మంచిదే. చదివింది ఆమెకు చెప్పు. రావాలా వద్దా అన్నది నువ్వు తేల్చే సంగతి కాదు, నేను తేల్చేదీ కాదు. గిన్నె తగిలింది నీకా, నాకా?" అన్నారు అయ్యవారు.

దోర్నాలలో బ్యాటరీ షాపు ముందు బండి ఆగింది. పాతది దించి కొత్తది ఎక్కిస్తుంటే పినాకపాణి దగ్గరుండి చూశాడు. కొత్త బ్యాటరీకి మీటరు పెట్టి, ఫ్రిజ్ ఆన్ చేయించి, మోటారు తిరుగుతుండగా అంకె ఎక్కడ నిలబడిందో చూసిన తర్వాతే చెక్క బిగించాడు. సుభద్రమ్మగారు మందుల షాపుకు వెళ్లి కొత్త సీసాలు తెచ్చుకున్నారు. వేడి తగిలిన మందును నమ్మలేనని పాతవి తీసేశారు. ఇక చేయడానికి మరే పనీ మిగలకపోయాక, పినాకపాణి షాపు అరుగు చివరికి వెళ్లి నంద్యాలకు ఫోన్ చేశాడు.

సువర్చల గొంతు విని చాలాకాలమైంది. కుశలం అడగడానికి అతనికి నోరు రాలేదు. నేరుగా చెప్పేశాడు. "ఇవాళ పొద్దున మా డ్రైవరు మీద స్పానర్ ఎత్తాను. వాళ్లమ్మను తిట్టాను. పోయిందనుకున్నాను సువర్చలా. పోలేదు."

అవతల కుక్కర్ కూత వినిపించింది. ఆమె వెళ్లి స్టవ్ ఆపి వచ్చినట్టుంది.

"కొట్టారా?"

"లేదు. దించాను."

"ఎవరు పట్టుకున్నారు?"

"ఎవరూ పట్టుకోలేదు."

అతను తొందరపెట్టలేదు. తన తరఫున చెప్పుకోవడానికి ఎన్నో మాటలు నోటిదాకా వచ్చాయి. బ్యాటరీ సంగతి, మందు సంగతి, ఎండ సంగతి. ఒక్కటీ చెప్పలేదు.

"మునుపైతే ఇది మీరు చెప్పేవారు కాదు," అంది ఆమె చివరికి. "రండి. అయితే ఇంట్లో కాదు, మా తమ్ముడి దగ్గర దిగండి. పగటిపూట, వాడు ఉన్నప్పుడు ఇక్కడికి రండి. కూర్చుని మాట్లాడదాం. నేను వెళ్లమన్నప్పుడు లేచి వెళ్లాలి. ఎందుకని అడగకూడదు."

"అట్లాగే," అన్నాడు పినాకపాణి.

నంద్యాల వెళ్లే బస్సు వచ్చే వేళకు అతని సంచి సర్దడం అయిపోయింది. మస్తాన్ సంచి అందుకుని బస్సు దగ్గరదాకా తెచ్చాడు. సుభద్రమ్మగారు పులిహోర పొట్లం కట్టి, తన చేత్తో ఇవ్వకుండా మస్తాన్ చేతికి ఇచ్చి పంపారు. పినాకపాణి అది కూడా గమనించాడు. అయ్యవారు ఒక్కరే ఎండలో నడుచుకుంటూ అతని వెనకే వచ్చారు. బస్సు మెట్టు మీద కాలు పెట్టిన పినాకపాణి వెనక్కి తిరిగాడు.

"అక్కడ మళ్లీ కోపం వస్తే అయ్యవారూ?"

"వస్తుంది," అన్నారు అయ్యవారు. "కొలవాల్సింది అప్పుడే."